చెనిక్కాయ వలిచేంత సేపు

కళ్యాణదుర్గం కోర్టు వరండాలో
కుళ్ళాయప్ప వకీలు నాకు చట్టం చెప్తాండాడు.
చేతిలో టీ గ్లాసు, పైన మీగడ కడతాంది.

"మొదటి దెబ్బ నీది తిప్పక్కా,
దాని జోలికి ఎవరూ రారు.
రెండోది ఉండాదే, అదీ కేసు."

రెండిటికీ నడుమ ఎంత సేపు అంటాడు.
నాకు గడియారం యాడిది సామీ.
ఒక చెనిక్కాయ వలిచేంత సేపు.
గింజ నోట్లో ఏసుకునేంత కూడా కాదు.

రెండుసార్లు కోసుకపోయిరి బోరు కేబులు.
మొదటిసారి కమ్మలు కుదువ పెడితి.
రెండోసారి పెట్టేకి ఏమీ లేక
పైరు ఎండబెడితి.
మూడోసారి అప్పుజేసి వైరు ఏసి
స్టార్టర్ డబ్బా కిందనే పట్ట పరుచుకుంటి.
కరెంటు రెండింటికి వస్తుంది,
మనిషి ఒంటిగంటకే వచ్చె.

నన్ను చూసి పారిపోల్యా. కట్టరెత్తె.
పారకట్టెతో మణికట్టు మీద ఏస్తి,
కట్టరు కాలవలో పడె.
అంతవరకూ చట్టం నా పక్కనే ఉండెనంట,
ఆ పట్ట మీదే, చెప్పులిడిసి కూర్చోని.

వాడు తిరుక్కున్యాడు.
తిరుక్కున్నంతనే
అది లేచి, చెప్పులేసుకోని,
వాని పక్కకి పోయిందంట.
చెప్పి పోవల్ల కదప్పా!
ఆ మబ్బులో ఎవరు ఎటు పోయిందీ
నాకెట్ల కనపడుతుంది?

తెగిన వైరే వాని కాలికి చుట్టుకునె.
పడె. "అక్కా" అనె.
మాల్యం వన్నూరప్ప గొంతు.
పోయిన ఎండాకాలం మా బోరులోకి మోటారు దించినోడు,
ఐదు నూర్ల అడుగులు, పైపు పైపుకీ
"పైలం అక్కా, చెయ్యి నలుగుతుంది" అన్నోడు.

గుర్తుపట్టినాక కొడితివా, పట్టకముందా?
ప్రతి వాయిదాకీ ఇదే అడుగుతారు.
ప్రతి వాయిదాకీ ఒక్కో తీరుగా యాదికొస్తుంది.

డాక్టరు కాగితంలో రాసినాడు:
మణికట్టు మీద కమిలిన గాయం, కట్టెది.
తల ఎనక తెగిన గాయం, ఇనుముది.
అంటే నడుమ నేను పార తిప్పినా.
ఎప్పుడు తిప్పితినో నాకే తెలీదు.
ఇరవై ఏండ్లు మడవ తిప్పిన చేతులివి,
నీళ్ళు అవతలి సాలుకి మళ్ళల్ల అంటే
నన్ను అడక్కుండానే తిప్పుతాయి.

"రేత్రిపూట ఇంటికి కన్నమేసి వచ్చింటే
లెక్క వేరే తిప్పక్కా. ఇది చేను.
చట్టానికి చేను ఇల్లు కాదు."
జడ్జమ్మకి చెప్పాలనుకుంటి, నోరు రాల్యా:
మా ఇంటికి తాళమే లేదమ్మా,
రెండు చెంబులు, ఒక పాత టీవీ, ఎవరికి కావల్ల?
తాళం ఉండేది స్టార్టర్ డబ్బాకే.

"పోలీసులకి ఫోన్ చేసే టైము ఉండెనా లేదా?"
అవతలి లాయరు గొంతు పెద్దది.
టైము ఉండె సామీ, సిగ్నలు లేకుండె.
గుట్టెక్కితే ఒక గీత వస్తుంది.
కోర్టులో ఎవరో నగిరి.
వన్నూరప్ప పెండ్లాం నగల్యా.

మూడు దినాలు బతికె వాడు, అనంతపురం పెద్దాసుపత్రిలో.
ఆ మూడు దినాలూ నేను స్టేషన్‌లో కూర్చోని
యాడాడి దేవుళ్ళకో మొక్కుకుంటి,
వాని కోసమా నా కోసమా అంటే
అదీ చెప్పలేను.

వరండాలో ఉండేది ఒకటే బెంచి.
ఈ కొసన నేను, ఆ కొసన ఆ యమ్మ,
నడుమ మూడేండ్ల పాప.
నా కొంగులో మూట చూసి చెయ్యి చాపె.
ఒక కాయ వలిచి గింజలు అరచేతిలో పెడితి.
ఆ యమ్మ ఇటు చూడల్యా, వద్దనీ అనల్యా.
పాప ఇంగోటి అడిగె.
ఇంగోటి వలిచేకి
ఎందుకో శానా సేపు పట్టె.

సాయంత్రం మబ్బు పట్టి వాన దిగింది.
కుళ్ళాయప్ప ఫైలు తల మీద పెట్టుకోని ఉరుకుతాంటే
ఎనక నించి కేకేస్తి:
సామీ, ఆ పార
చీటీ కట్టి లోపల పెట్టినారే,
అది మా ఆయన చేయించింది, చిల్లర పనికి అదొక్కటే.
ఎప్పుడిస్తారు?

"కేసు అయినాక" అనె,
వానలో, తిరక్కుండానే.