చింతపండుతో తోమిన రాగి

కురుపాం మార్కెట్లో మా కొట్టు
చాచిన రెండు చేతులంత వెడల్పు.
వెండిపట్టీల దుకాణానికీ తాళాలు బాగుచేసేవాడికీ నడుమ
పాత డబ్బుని కొత్త డబ్బుగా మార్చే బతుకు నాది.

మూడింటి ఎండలో వచ్చింది తెడ్డు పోలమ్మ.
అమ్ముడైన గంపను గుమ్మం బయటే దించి
కొంగుముడి పళ్లతో విప్పి
గాజుపలక మీద ఒక్కటంటే ఒక్కటే పెట్టింది.
కొత్త కాపురం బిందెలా తళతళలాడుతోంది.

"తోమేశావా?" అన్నాను, గుండె జారి.
"సింతపండెట్టి తోమినాను బావూ.
నీకాడికి మురికిది ఎలా తెత్తాను?"

ఏం చెప్పను?
రెండొందల యాభై ఏళ్లు ఉప్పుగాలి పూసిన పొర
మర్యాద కోసం
పొద్దున్నే కాలవలో కలిసిపోయింది.

భూతద్దం కంటికి బిగించాను.
అలల్లోంచి సగం లేచిన సింహం
అరిగి అరిగి తడిసిన పిల్లిలా ఉంది.
వెనక్కి తిప్పితే ఒకదాని ఒడిలో ఒకటి మూడక్షరాలు,
భీమిలిలో సమాధులు మిగిల్చిపోయిన
ఒలందుల కంపెనీ గుర్తు.
ఏడాది అంకెల్లో చివరిది లేదు,
దాని చోట చిల్లు.

"మాయమ్మ మొలతాట్లో ఉండీది, ఆలమ్మ మొలతాట్లోనూ.
అమ్మ పోయాక అప్పకి పుస్తెలు, నాకిది.
మొన్న తగువులో అప్ప అన్నాది, అది డొల్లదే, సంతలో కొన్నాదని.
అమ్మీడానికి రాలేదు బావూ.
నిజవా కాదా, అది సెప్పు సాలు."

ఫ్యాన్ ఆపి త్రాసులో వేశాను.
చిల్లు తిన్నది పోగా లెక్క సరిపోయింది.
అంచు చుట్టూ గోరు తిప్పాను.
పోతపోసిందైతే అతుకు గీత తగలాలి, తగల్లేదు.
చిక్కుకున్న గాలి సూదిపోట్లలా కనబడాలి, లేదు.
అసలు సాక్ష్యం మాత్రం చిల్లే చెప్పింది.
తాడు ఒరిసి ఒరిసి
గుండ్రంది కాస్తా వేపగింజలా కోలగా సాగింది.
ఎంతమంది పిల్లలు ఇసకలో పరుగెత్తాలి
రాగి అంతలా సాగడానికి!
దొంగ ముద్రలు కొట్టేవాడికి అంత తీరిక ఉండదు.

"నిజమైందే" అన్నాను.
వృత్తి ఊరుకోదు కదా, ధరా చెప్పాను.
చిల్లుకి సగం పోయె, తోమినందుకు మిగిలిన దాంట్లో సగం పోయె,
ఈ రకం వేలల్లో దొరుకుతుంది గనక
నూటయాభై.
"ఓలమ్మో! ఎండు నెత్తళ్లు అరకేజీ రావు!"
కడుపారా నవ్వింది.
"కాయితమ్మీద రాసియ్యి, అప్పకి సూపాల."
రసీదు వెనక రాసి సంతకం పెట్టి ముద్ర కొట్టాను.
చెయ్యి ఎక్కడా ఆగలేదు.

అప్పుడు చూసింది నా వెనక ఎర్ర మఖమలు పెట్టెని.
"అదెంత?"
"లక్షా ఎనభై వేలు."
"అదీ నిజవేనా?"

పదకొండేళ్లుగా ఎవరూ అడగని మాట.
వచ్చినవాళ్లు కేటలాగులో ఏ పేజీ అంటారు,
ఎంతకి దిగుతారంటారు.
రాయగడ బ్రోకరు దగ్గర
మా ఆవిడ గాజులు కుదువపెట్టి కొన్న వరాహముద్ర మాడ అది.
కొన్న వారానికే రాతిపలక మీద పడేసి
దాని గొంతు విన్నాను.
మళ్లీ పడెయ్యలేదు.

"చూడాలి" అన్నాను.

గంప అడుగున మిగిలిన గుప్పెడు నెత్తళ్లు
కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి,
రసీదు రవికలో దోపుకుని,
రాగిని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.
అడుగుల్లో తొందర. అప్ప ఇల్లు జాలారిపేటలోనే.

హార్బర్ కూత వేసింది.
షట్టరు సగం దించి
పెట్టె తెరిచి మాడని త్రాసులో పెట్టాను.
వేళ్లకి పులుపు, నీచు.
ముల్లు ఒకచోట నిలవదే,
అటూ ఇటూ ఊగుతూనే ఉంది.
ఫ్యాన్ గాలికి అనుకున్నాను.

ఫ్యాన్ ఆపలేదు.