బుధవారం బల్ల

కాజీపేట దవఖాన వరండాల,
సూదిమందుల బల్ల మీద
నేనొక్కణ్ణే మొగోణ్ణి.
ఒళ్ళె నలభై ఆరు రోజుల బిడ్డ,
రెప్పల కింద ఇంకా నడుస్తున్న
రాత్రి రామగుండం బొగ్గుబండి.

"మెడకింద చెయ్యి పెట్టన్నా,
గది బియ్యం సంచి గాదు"
అన్నది పక్కన కూసున్న జరీనా.
ఆమె కొడుక్కు డెబ్బై ఎనిమిది రోజులు.
ముప్పై రెండు రోజులు నాకు సీనియర్.
గూడ్సు గార్డుగ తొమ్మిదేండ్లు చేసిన,
ఏ సీనియర్ మాటా ఇంత బుద్ధిగ ఇనలే.

పాలు తాగంగనే పండవెట్టకు,
భుజమ్మీదేసుకొని వీపు నిమురు, కొట్టకు.
తేన్పు రాకపోతే?
"నడువు. ఔటర్ల ఆగిన బండి ఎన్నడన్న
స్టేషన్‌కు రాకుండ ఉన్నదా?"
ఆమె పెనిమిటిది గూడ రైల్వేనే, తెల్సిపాయె.

అటు చివర మడికొండ స్రవంతి:
"తొట్టెకు పాత చీరనే కట్టాలె,
కొత్తదానికి అమ్మ వాసన రాదు."
గోర్లు నిద్రల ఉన్నప్పుడే తియ్యాలెనట.
మెడ మడతలల్ల పాలు ఎండితే పుండైతదట,
తడిబట్టతోని తుడవాలెనట.
రోహిణి ఎండలల్ల ఊలు టోపీ పెట్టినందుకు
నన్నందరు ఒక్కపారి జూసిండ్రు.
తీసి జేబుల పెట్టుకున్న.

పొద్దుగూకంగ ఏడిస్తే కడుపు మీద ఇంగువ అన్నదొకామె.
ఇంగువెందుకు, ఎదమీదేసుకో,
నీ గుండె సప్పుడు ఇంటది అన్నదింకొకామె.
వస అరగదీసి నాలికకు రాయమన్నరెవరో.
లోపల్నుంచి నర్సమ్మ గొంతు
సూది కంటె ముందొచ్చింది:
"వస లేదు, తేనె లేదు, నీళ్ళు గూడ లేవు!
ఆర్నెల్లు పాలే!"
బల్లంతా గప్‌చుప్.
అర నిమిషానికి స్రవంతి, మెల్లగ:
"గీ మాట మా అత్తకు జెప్పుండ్రి, పుణ్యముంటది."

నవ్వుడయినంక జేబులకెల్లి పుస్తకం తీసిన.
గార్డు అలవాటు, టైం రాయందే నిద్రపట్టది.
ఒకటీ పది, కుడిదిక్కు పాలు.
మూడూ ఇరవై అయిదు, ఎడమదిక్కు.
తడి గుడ్డలు ఏడు.
ఎక్కిళ్ళు, పదకొండు నిమిషాలు.
పొగుడుతరనుకున్న.

జరీనా పేజీలు తిప్పింది, ముందుకు, ఎనుకకు.
"మీ ఆమె ఎప్పుడు తిన్నదో
ఏడ రాసినవన్నా?"

స్తంభానికి ఒరిగి నిలబడ్డది నవనీత,
జాకెట్ మీది పాల మరకను కొంగుతో కప్పుకొని,
ఎవరి ముచ్చటా ఇననట్టు.
నలభై ఆరు రోజులు.
ఏ పేజీలా ఆమె లేదు.
కాదు, అన్ని పేజీలల్ల ఉన్నది,
కుడిదిక్కు, ఎడమదిక్కు అని.

సూది దిగినంక, ఏడుపు లేసే ముందు
ఒక సెకను బిడ్డ నోరు తెరిచి ఉంటది, సప్పుడు రాదు.
గా సెకనుకు
బల్ల మీద ఎవరూ ఏం జెప్పలే.

రాత్రి జ్వరమొచ్చింది, వస్తదని జెప్పిండ్రు.
తొడ మీద వాపు పిసుకలే,
తడిబట్ట ఏసినం,
చుక్కల మందు నర్సమ్మ గీసిన గీత దాకనే.
బిడ్డ కన్ను మూసినంక
వంటింట్ల లైటేసి, పుస్తకంల కొత్త గడి గీసిన:
రెండూ నలభై. నవనీత. పెరుగన్నం.
మామిడికాయ తొక్కు సంగతి రాయలే,
గీ పుస్తకం మా అత్తమ్మ గూడ సదువుతది.

తినుకుంట తినుకుంట ఏడ్చింది.
ఎందుకని అడగలే.
నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపిన.
క్వార్టర్ ఎనుక బల్లార్షా బండి
కూతపెట్టుకుంట పోయింది.
బిడ్డ కదల్లే. రైల్వే బిడ్డ.

తెల్లారి సూస్తె
నా రాత కింద ఇంకో వరుస,
ఆమె గుండ్రటి అక్షరాలల్ల:
నాలుగూ అయిదు. ఆయన.
కూసున్నకాడనే నిద్ర.
మెడకింద దిండు పెట్టిన.