పిన్నులు తీసిన పుస్తకం

గురువారం. డెట్రాయిట్‌లో మంచు.
గేటు దగ్గర మిస్ ఒడెస్సా
సువార్త పుస్తకాల పిన్నులన్నీ పీకి
గార్డు అరచేతిలో పోస్తుంది.
ఇనుము లోపలికి పోకూడదు.
వాక్యం పోవచ్చు, విడి కాగితాలుగా.

ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపిన గొంతు.
తప్పిపోయిన కొడుకు కథ చదివినా
వచ్చే స్టాపు చెప్పినట్టే ఉంటుంది.

అల్లంత దూరాన పోల్చుకుని
తండ్రి పరుగెత్తాడన్న చోట
టవియన్ చెయ్యెత్తాడు. పదిహేనేళ్లు, రబ్బరు చెప్పులు.
"వీడొస్తున్నట్టు ఆయనకెవరు చెప్పారు?
మా నాన్నకి కోర్టు నాలుగు ఉత్తరాలు వేసింది."

ఆమె పొట్టి పెన్సిళ్లు లెక్కపెట్టి
తిరిగిచ్చేసింది.

పార్కింగులో కారు కదిలించబోతూ
అద్దంలో చూసింది.
రెండో అంతస్తు, చెయ్యి పట్టనంత కిటికీ.
ఎవరున్నారో తెలీదు.

ఇంజను ఆపేసింది,
వెనక పరిగెత్తుకొచ్చేవాడి కోసం
ఆపినట్టు.