స్టిల్, గురువారం సాయంత్రం

పూల్తుస్క్ ఊళ్ళో ఫైర్ స్టేషన్ మేడ మీద
గురువారం ఆరింటికి నా ఇంగ్లీషు క్లాసు.
కింద ఎర్ర బండి, తడి గొట్టాల వాసన.
పైన తొమ్మిది కుర్చీలు, ఆరుగురు మనుషులు,
దగ్గుతూ దగ్గుతూ వేడెక్కే రేడియేటరు.

ఇవాళ బోర్డు మీద ఒక్కటే మాట రాశాను:
స్టిల్.
చిన్న మాటేగా, పావుగంటలో తేలిపోతుందనుకున్నాను.

"యెష్చె" అంది బేకరీలో పనిచేసే దొబ్రొమీవా.
ఇంకా. ఇంకా వాన పడుతూనే ఉంది.
"మీమో తో" అని కూడా అంది.
అయినా. వాన పడుతోంది, అయినా వచ్చాం.
రెండూ రాశాను, చేతిమీద సుద్దపొడి రాలింది.

"ఞెరుహోమో" అన్నాడు ఫొటోలు తీసే ఒక్తావియన్.
కదలకుండా.
పాస్‌పోర్టు ఫొటోకి వచ్చే పసిపిల్లలకి
రోజూ తను చెప్పే మాటట. ఒక్కడూ వినడట.

బల్ల మీది నీళ్ళ సీసా ఎత్తి చూపించాను.
ఞెగజొవానా.
నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయంటారు వాళ్ళు,
గ్యాసు లేదంటాం మనం.

తర్వాత ఒక పాత బొమ్మ:
పళ్ళెంలో నాలుగు ఆపిల్ పళ్ళు, ఒక కత్తి, సగం ఒలిచిన తొక్క.
వాళ్ళకది కదలని బతుకు,
మనకు మార్త్‌ఫా నతూరా, చచ్చిన ప్రకృతి.
"ఆ పండు సరిహద్దుకి ఏ పక్కన చచ్చిందో కనుక్కో పంతులూ"
అన్నాడు రేకుల పనివాడు జెనోబియుష్,
అని, నా చేతిలో సుద్ద లాక్కుని
ఒక కుండ గీశాడు, ఒక వంకర గొట్టం,
గొట్టం కొసన ఒక చుక్క.
ఇదీ స్టిల్లే! డిక్షనరీ అడుగున తనే పట్టుకున్నాడట.
సైనిక పాలన నాటి చలికాలం
వాళ్ళ నాన్న బీట్‌దుంపల గుట్ట కింద దాచిన రాగి సరంజామా.
మిలీషియా వాళ్ళొచ్చారు, గుట్టంతా తిరగేశారు,
ఏమీ దొరకలేదని కాగితం రాసిచ్చి
తలా ఒక సీసా చంకన పెట్టుకు పోయారు.
బల్లలు చరిచి నవ్వాం.

నవ్వు సగంలో ఉండగా
చివరి కుర్చీలోంచి అపొలోన్యా చెయ్యెత్తింది.
నాలుగు నెలలుగా నోరు విప్పని మనిషి.
లీడ్స్ ఆసుపత్రిలో పదకొండేళ్ళు గచ్చు తుడిచి వచ్చింది.
"దీని పక్కన 'బోర్న్' అని ఉంటే?"

నాకు తెలిసిన పోలిష్ అంతా
మార్త్‌ఫా దగ్గరే ఆగిపోయింది,
ఇందాక ఆపిల్ పళ్ళకి వాడేసిన మాట.

ఆవిడే చెప్పింది.
వెళ్ళిన మొదటి నెల. ఏడో నంబరు గది.
మంచం కాళ్ళ దగ్గర కాగితం మీద ఆ రెండు మాటలు.
మొదటిదానికి తనకు తెలిసిన అర్థం ఒక్కటే,
మీమో తో.
అయినా పుట్టింది, అని చదువుకుంది.
ఎన్ని కష్టాలు పడిందో, అయినా పుట్టింది, అని.
తడిబట్ట బకెట్‌లో వేసి, చేతులు గౌనుకి తుడుచుకుని
కంగ్రాచ్యులేషన్స్ అంది ఆ తల్లితో,
వారమంతా సాధన చేసిన ముక్క అది.

"ఆవిడ నన్ను తప్పు దిద్దలేదు.
నా చెయ్యి పట్టుకుంది.
థాంక్యూ అంది.
ఇంకెవరూ అనలేదు, నువ్వొక్కదానివే అన్నావు, అంది.
ఆ మాట నాకర్థమయ్యేసరికి రెండేళ్ళు పట్టింది."

రేడియేటరు దగ్గింది.
జెనోబియుష్ లేచి తన బొమ్మని మోచేత్తో తుడవబోయాడు,
గొట్టం పోయింది, చుక్క పోలేదు.

ఏం చేయాలో తోచక నీళ్ళు పోశాను ఆవిడకి.
ఒక్క గుక్కలో తాగి గ్లాసు మళ్ళీ చాపింది.
"యెష్చె" అంది.

సీసాలో ఉన్నదంతా పోశాను.
బోర్డు మీద ఏడో గడి గీశాను గాని
అందులో ఇంకా ఏమీ రాయలేదు.