పల్లమెరుగు

హోబార్ట్ కొండ వాలులో
ఒకరి గడపా ఇంకొకరి చూరూ ఒకే ఎత్తు.
పై వీధిలో ఆవ్రిల్ ఇల్లు, కింది వీధిలో కజిక్ ఇల్లు,
పెరళ్ళు రెండూ వీపులానించి కూర్చున్నాయి.
మధ్యలో చెక్క కంచె.
కంచె మొదట్లో ఎప్పుడూ తడి.

నేను పైపుల మనిషిని.
తగువులు తీర్చడానికి నన్నెవరూ పిలవరు,
అయినా వెళ్ళిన చోటల్లా
టీ కన్నా ముందు తగువే పోస్తారు.

కజిక్ తన కింది గది చూపించాడు.
గోడకు మోకాలెత్తున ఉప్పు పూసింది.
మూలన వాళ్ళ నాన్న రబ్బరు బూట్లు.
పోలండు నుంచి ఓడెక్కి వచ్చి
ఈ కొండల నడుమ డ్యాములకు కాంక్రీటు పోసిన మనిషివి.
ఎనిమిదేళ్ళుగా ఆరలేదట.
"ఆవిడ నీళ్ళే" అన్నాడు,
దేవుణ్ణి చూపించినట్టు వేలు పైకెత్తి.

ఆవ్రిల్ ట్రిఫెట్. ఫెర్రీలో టికెట్లు చింపి రిటైరైన మనిషి.
"వాన నా కప్పు మీద కురిస్తే నన్నేం చెయ్యమంటావు?
రోడ్డు నా నెత్తికన్నా పైన ఉంది.
నీళ్ళు బిందెతో మోసుకుంటూ మెట్లెక్కనా?"
అదీ నిజమే.

ఇద్దరికీ లెక్క చెప్పాను.
చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు.
నూట ఎనభై మీటర్ల రేకు మీద
రాత్రికి రాత్రి నలభై మిల్లీమీటర్లు పడితే
ఏడు వేల రెండు వందల లీటర్లు,
మనం ముసుగుతన్ని పడుకున్న వేళ
ఎవరి పెరట్లోంచో ఎవరి పెరట్లోకో
చెప్పుల్లేకుండా నడిచిపోతాయి.
విన్నారు.
ఎవరికి వాళ్ళు అవతలివాళ్ళ కప్పునే కొలుచుకున్నారు.

మంగళవారం పొద్దున
ఆవ్రిల్ గట్టర్ గొట్టంలో చిలకపచ్చ రంగు పోసి హోసు తిప్పాను.
కింద కజిక్, టార్చి పట్టుకుని, సాక్షిలా.
పది నిమిషాలు. ఇరవై. గంట.
గోడ తెల్లగానే ఉంది.
రంగు కంచె మొదట్లో పైకి తేలి
చెక్కల వెంబడే పక్కకు జారి
ముళ్ళపొదల ఖాళీ స్థలంలో ఇంకిపోయింది.

"ఇక మీది" అన్నాను.
నవ్వాడు.
అతని కప్పు గొట్టంలో ఎర్రది పోశాను.

నాలుగే నిమిషాలు.
ఉప్పు పూతలోంచి
దోమను నలిపిన చోటులా ముందొక చుక్క,
తర్వాత గీత,
తర్వాత బూట్ల చుట్టూ మడుగు.

అతనే తవ్వాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.
రెండడుగుల లోతున, తండ్రి పాతిన మట్టి గొట్టం.
అతుకు విడిపోయి, లోపల చిక్కుపడ్డ జుట్టులా వేర్లు,
తండ్రి నాటిన ప్లమ్ చెట్టువే.
అంత డ్యాముకు చుక్క కారనివ్వని చెయ్యి
ఇంటికొచ్చేసరికి అలిసిపోయిందేమో.
పైకి అనలేదు నేను.

ఆవ్రిల్ కంచె మీంచి తొంగిచూసింది.
"ఏ రంగు వచ్చింది?"
"రెండూ" అన్నాడు కజిక్.

నేను పారకంటిన మట్టి గీక్కుంటున్నాను.
ఆవిడ అతని చేతుల వంక చూసింది.
మణికట్టు దాకా ఎరుపు.
పచ్చన మచ్చుకైనా లేదు.
టికెట్టు లేని ప్రయాణికుణ్ణి
ఎన్నిసార్లు చూసీ చూడనట్టు వదిలిందో ఆ కళ్ళు.
"అయితే ఖర్చు సగం సగం" అంది.
"నా పైపు మాత్రం నీ పెరట్లోంచే పోవాలి."

మీటరుకు సెంటీమీటరు వాలు.
అతని బంగాళాదుంపల మడి చీల్చుకుంటూ
రెండు గొట్టాలు, ఒక గుంట, ఇనుప మూత,
అక్కణ్ణుంచి కింది వీధి కాలవలోకి.
మూడో రోజుకు పూడ్చేశాం.
మడి సంగతి అతనింకా గొణుగుతూనే ఉన్నాడు.

జూన్‌లో తొలి పెద్ద వాన.
బిల్లు మిగిలిందన్న వంకతో వెళ్ళాను.
కింది గది పొడిగా ఉంది,
గోడకు కొత్త సున్నం, పచ్చి వాసన.
బూట్లే,
మొన్నటి ఎండకు బయట పెట్టి మరిచిపోయాడు.
మెట్టు మీద పక్కపక్కన
రెండూ అంచుల దాకా నిండి ఉన్నాయి.