ఐదు గళ్ళ ఫారం

భీమిలిలో రెండ్రోజుల శిక్షణ ముగిసింది.
తొమ్మిది వందల కె బస్సు, కిటికీ పక్క సీటు,
ఒళ్ళో ఫారం.
"తరగతి గదిలో సాంకేతికతను మరింత సమర్థంగా వినియోగించుటకు
మీ లక్ష్యములు ఐదు రాయుము."
రాయుము!
నలభై తొమ్మిదేళ్ళొచ్చాక నాకు మళ్ళీ ఐదు మార్కుల ప్రశ్న.
పక్కనావిడ ఖాళీ చేపల తట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని కునుకుతోంది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే
నా రోజు పాఠంతో మొదలవదు, ఫొటోతో మొదలవుతుంది.
ముందు నా మొహం. ఫోను ఒప్పుకుంటేనే నేను బడికొచ్చినట్టు.
తర్వాత కోడిగుడ్లు. తర్వాత మరుగుదొడ్లు,
కడిగినట్టు కనబడాలి, వెలుతురు పడాలి.
నెట్టు చక్రం గిర్రున తిరుగుతుంటే
తొమ్మిదో తరగతి నావైపే చూస్తూ కూర్చుంటుంది
పొద్దుపోయినా రాని పడవ కోసం చూసినట్టు.

గోడకి పెద్ద తెర వచ్చి ఏడాదిన్నర.
మొదటి నెల దాని ప్లాస్టిక్ పొర కూడా తియ్యలేదు నేను.
ఉప్పుగాలికి కిటికీ ఊచలే పెచ్చులూడే పేటలో
దీన్నెలా కాపాడాలని భయం.
తర్వాత వాడాను. బాగానే వాడాను,
వీడియో పెట్టి హాజరుపట్టీ దిద్దుకునేంత బాగా.
అది ఒప్పుకోడానికి ఇందులో గడి లేదు.

ఆషాఢంలో అనుకుంటా, ఆటుపోట్ల పాఠం.
తెర మీద చంద్రుడు చుట్టూ తిరిగాడు,
నీలం నీళ్ళు ఉబ్బాయి, తగ్గాయి,
ఒక మగగొంతు చుక్క తడి అంటకుండా అంతా వివరించింది.
లోకేశ్వరి చెయ్యెత్తింది:
"టీచర్, ఆ సముద్రానికి సప్పుడు నేదేటి?"

అందరూ నవ్వారు. తెర ఆపాను.
అప్పుడు వినబడింది ప్రహరీ అవతల
ఇరవై ఏళ్ళుగా వినీ వినీ నేను వినడం మానేసిన మోత.

ఆ సాయంత్రం నా ఫోను దానికిచ్చి పంపాను,
తమ్ముడి చేతికివ్వకని రెండుసార్లు చెప్పి.
మర్నాడు పదకొండు నిమిషాల రికార్డింగు.
సగం కోళ్ళు, టీవీ సీరియలు, ఎవరో ఎవర్నో తిట్టడం.
ఆ మధ్యలో వాళ్ళ తాత తెడ్డు పరదేశి దగ్గుతూ అన్న మాట:
"తిథి తిథికీ పోటు రెండు గడియలు యెనక్కెళ్తాది."

గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియలు నలభై ఎనిమిది.
తెర మీద గొంతు రోజుకి సుమారు యాభై అంది.
ఎవరు రైటు?
బెంచీలు విరిగేంత తగువు.
"ఆ రెండు నిమిషాలూ తాత సుట్ట ఎలిగించుకోడానికి" అన్నాడు దాసు.
నేను వెనక బెంచీలో జారుకుని కూర్చున్నాను.
నా పాఠంలో నాకే చోటు లేకపోవడం
ఇంత బాగుంటుందని ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

ప్రతిసారీ అలా జరగలేదు లెండి.
విద్యుత్తు పాఠానికి అదే ఎత్తు వేశాను.
లైన్‌మన్ మామయ్య ఫోన్లో నలభై నిమిషాలు
పెండింగు బిల్లుల గురించి మాట్లాడాడు.

తొట్లకొండ దాటింది. రాస్తున్నాను.
ఒకటి: వీడియో నడుస్తుండగా హాజరుపట్టీ ముట్టను.
రెండు: తెర వెలిగే ముందు ఒక ప్రశ్న, ఆరాక ఒక తగువు.
మూడు: దాసు వాళ్ళింట్లో ఫోను ఒక్కటే,
అది నాన్నతో వేటకి పోతుంది.
హోంవర్కు పంపే ముందు
ఆ ఫోను ఏ నీళ్ళ మీదుందో అడుగుతాను.
నాలుగో గడిలో బస్సు కుదుపుకి పెన్ను అడ్డంగా గీసింది,
ఉండనిచ్చాను.
ఐదోది తోచలేదు.

రుషికొండ మలుపులో పక్కనావిడ లేచింది,
గళ్ళన్నీ పరకాయించి చూసింది.
"లోను కాయితమేటమ్మా?"
అలాంటిదేనన్నాను.

వడ్డీ ఎంతని అడిగింది.