కందిపప్పు డబ్బా

దామలచెరువు మండీలో తోతాపురి దిగే కాలం.
సాయంత్రానికి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి.
కాటా దగ్గర నుంచి చీటీ నా కిటికీలోకి వస్తుంది:
పేరు, ఊరు, టన్నులు, తరుగు, అడ్వాన్సు.
నేను కొడతాను, కంప్యూటర్ మింగుతుంది.
కొట్టగానే చీటీ చెత్తబుట్టలోకి.
మింగినదంతా దానికి అరుగుతుందని
మా ఓనరు చెంగల్రాయులు నమ్మకం.

"ఏమ్మే ఢిల్లీరాణీ, దినామూ ఆ డబ్బీని సంచిలో ఏసుకోని పోతావే,
మండీని ఇంటికి మోసకపోతావా?" అంటాడు.
రెండు అగ్గిపెట్టెలంత డ్రైవు.
మూడువందల పన్నెండు మంది రైతులు
నా టిఫిన్ క్యారియర్ పక్కన, చారు వాసనలో,
పాకాల బస్సులో ఊగుతూ వస్తారు.
మా ఇంట్లో కందిపప్పు డబ్బా వాళ్ళకు బస.
ఎలుక చేరదు,
అమ్మ తప్ప ఎవరూ మూత తీయరు.

ఆ వారం చెల్లెలి ఊర్లో గంగమ్మ జాతర.
తొందరగా పోవాలని మంగళవారం కాపీ తీయలేదు.
బుధవారం బద్ధకం.
గురువారం, రేపు తీస్తాలే అని
నా దగ్గర నేనే అప్పు చేశాను.

శుక్రవారం పొద్దున తెరంతా ఎరుపు,
మధ్యలో నాలుగు వరసల ఇంగ్లీషు.
ఎవరో, ఏ దేశమో, మొహం లేదు.
మా ఫైళ్ళకి తాళం వేశాడట,
తాళంచెవికి వెల చెప్పాడు,
ఒక లారీ కాయల కన్నా ఎక్కువ.
ముందురోజు లారీ బిల్లు అని మెయిల్ వస్తే
తెరిచింది నేనే.
ఆ మాట అప్పుడు చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

తిరుపతి నుంచి వచ్చిన మెకానిక్ వయరు పీకేసి
"వానికి ఒక్క రూపాయి కట్టొద్దు సార్,
కడితే ఇస్తానని రాసిచ్చినాడా?" అన్నాడు.
మెషిన్‌ను తుడిచి, కడిగి, మళ్ళీ నిలబెట్టాడు,
ఎవరి పేరూ తెలియని పసిగుడ్డులా.
నేను డ్రైవు తెచ్చాను, పప్పు డబ్బాతో సహా.
సోమవారం దాకా అందరూ లేచి కూర్చున్నారు.
మిగిలిన మూడు రోజులు
తాడు తెగి బావిలో పడ్డ బొక్కెన.

మైకు కట్టి చాటించాం, సిగ్గుపడుతూనే:
"మంగళ, బుధ, గురువారాల్లో కాయ తోలినోళ్ళు
మీ చీటీలు తీసుకోని రండి."

వచ్చారు.
చొక్కా జేబుల్లోంచి, బీడీకట్ట మడతల్లోంచి,
ఆధార్ కార్డు వెనక నుంచి
చెమటకి ఉబ్బిన చీటీలు.
ఒకాయన చీటీని మేక తినేసిందని
గంగమ్మ మీద ఒట్టేశాడు.
ఒకడి చీటీలో రెండు టన్నులు మూడైంది, సిరా వేరు.
ఓనరు చూశాడు, నేను చూశాను, వాడూ చూశాడు.
రెండే కొట్టాను. వాడేమీ అనలేదు.

చీకటి పడ్డాక ఐరాల కుప్పమ్మ.
చీటీ ఇచ్చి కదలదు.
"ఇందులో లేదు గానీ మేయ్,
బుధవారం మీ ఓనరు చేత ఐదువేలు అడ్వాన్సు తీసుకుంటి,
మందులకి. అది గూడా రాసుకో."
ఓనరుకు గుర్తు లేదు.
ఆ ఐదువేలు లోకంలో ఆయమ్మ ఒక్కతి దగ్గరే ఉంది.
కొట్టి, రెండుసార్లు సేవ్ నొక్కాను.

ఇప్పుడు మూడు డ్రైవులు.
ఒకటి మండీ బీరువాలో, మెషిన్‌కి తగిలించకుండా.
ఒకటి పప్పులో.
ఒకటి పూతలపట్టులో, చెల్లెలి పట్టుచీర మడతలో;
నెలకోసారి పోయి మార్చి వస్తాను.
శనివారం ఒకదాన్ని తెరిచి
ఎవరో ఒకరి పేరు కొట్టి, పలుకుతారా చూస్తాను.
"ఉండాదిలే అనుకుంటే కాదు, మూత తీసి చూడాల"
అని అమ్మ పప్పు గురించి అంటుంది.

చెంగల్రాయులు ఎగతాళి మానలేదు.
లైట్లు ఆర్పే ముందు మాత్రం
"రైతుల్ని ఎక్కించుకున్నావా?" అని అడుగుతాడు.
ఈ సీజన్లో పాకాల బస్సులో సీటు దొరకదు.
సంచి ముందుకేసుకుని
రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడతాను.